బోనాల నాడు పలికింది ఎవరు

1986 సెప్టెంబర్ 2, మంగళవారం
దవాఖాన నుంచి ఇంటికి వచ్చి నాలుగో రోజు. డాక్టరమ్మ నోటుబుక్కు పెట్టమంది — ఏ రోజు ఏం మరిచాను, ఎవరి మీద అరిచాను, అన్నీ. నాకు అక్షరం రాదు. పక్క ఖోలీ గదిలో ఉండే అనసూయ తెలుగు బడిలో ఏడు చదివింది. నేను చెబుతాను, ఆమె రాస్తుంది. నా కొడుకు నర్సింగ్‌ది మరాఠీ బడి. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. అదే మంచిది.

సెప్టెంబర్ 3
పొద్దున నల్లా కింద బిందె పెట్టి, ఎందుకు పెట్టానో మరిచిపోయాను. వెనకామె "ఎల్లవ్వా, నీళ్లు పొర్లుతున్నయ్ చూడు" అంది. ఆమె ఏడు తరాలనూ తిట్టాను. డాక్టరమ్మ కోసం రోగం అని రాయి. నాకైతే... ఇరవై ఏళ్లుగా ఆ నల్లా దగ్గర నేను తిడుతూనే ఉన్నాను.

సెప్టెంబర్ 4
చేతుల వణుకు తగ్గింది. గోడ మీద మనుషులు కనబడటం లేదు. ఆకలి మాత్రం పులి ఆకలి.

సెప్టెంబర్ 5
డాక్టరమ్మ చెప్పింది. ఒంటికి కాపలా కాయాల్సిన రక్తమే మెడలోని గ్రంథి మీద, తల మీద తిరగబడిందట. చాలా అరుదట. పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు. కోపం, అనుమానం, మరుపు, ఒళ్లు ఎగిరెగిరి పడటం — అన్నీ దానివేనట. "నీ తప్పేం లేదంట అవ్వా" అని నర్సింగ్ నాకు తెలుగులో చెబుతూ ఏడ్చాడు. నేను ఏడవలేదు. తప్పు లేదన్న మాటను మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాను.

సెప్టెంబర్ 7, ఆదివారం
గణపతి. గల్లీ చివర డప్పులు. చెవులు మూసుకుని కూర్చున్నాను.

సెప్టెంబర్ 8
చెబుతాను, రాయి. ఆషాఢంలో, బోనాల నాడు, మా గల్లీలోని పోచమ్మ గుడి ముందు డప్పు కొడుతుంటే నా ఒళ్లు ఎగిరింది. అది రోగమే. కాళ్లూ చేతులూ నా మాట వినలేదు. జనం మాత్రం శివం వచ్చిందన్నారు, అమ్మవారు నా మీదికి వచ్చిందన్నారు. కాళ్ల మీద పసుపు నీళ్లు పోశారు. చేతిలో వేపరెమ్మలు పెట్టారు. డప్పు ఆపి, వంగి అడిగారు — "తల్లీ, ఏం తప్పు చేసినం? ఏం గావాలె?"
ఎదురుగా నా కోడలు సుగుణ. తల మీద బోనం. నా నోటి నుంచి వచ్చింది —
"ఈ పిల్లను గడప దాటించుండ్రి. ఇది ఉంటే ఇల్లు నిలువది."
శివం చెప్పిన మాటకు మా వాళ్లలో ఎదురు లేదు. మూడో నాడు నర్సింగ్ ఆమెను వర్లిలో తల్లి ఇంట్లో దింపి వచ్చాడు. ట్రంకుపెట్టె ముట్టుకోనివ్వలేదట, తనే మోసుకుందట.

సెప్టెంబర్ 10
బోనాలకు ముందు సంగతి. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. స్టవ్ ఆర్పకుండా బజారుకు పోయాను. సుగుణ మొగుడితో మెల్లగా అంటోంది, తలుపు వెనక నుంచి విన్నాను — "అత్తమ్మ మునుపటి లెక్క లేదు. దవాఖానకు తీస్కపో." నాకు పిచ్చి అంటగడుతోందనుకున్నాను. నా రోగాన్ని అందరికంటే ముందు చూసింది ఆమె. ఆమెను పంపేశాక చూసేవాళ్లు లేరు. పంద్రాగస్టు నాడు మెట్ల మీద పడి, మనిషిని గుర్తుపట్టని స్థితికి వచ్చాక తీసుకెళ్లారు.

సెప్టెంబర్ 12
నిద్ర లేదు. మాత్రల వల్లనట. కావచ్చు.

సెప్టెంబర్ 14
అనసూయ బస్సెక్కి వర్లికి పోయి వచ్చింది. సుగుణ అన్నదట — "ఆనాటి మాట రోగం అన్నదంటే రేపే వస్త. అమ్మవారు అన్నదంటే నోరెత్తను, ఈడనే ఉంట. అత్తనే అన్నదంటే మాత్రం, ఆ ఇంట్ల ఇంక బువ్వ తినను అక్కా."
బస్సు దాకా వచ్చి ఇంకోటి అడిగిందట. "ముసల్ది మాత్రలు మింగుతుందా? చేదుంటే ఉమ్మేస్తది, చూస్కో."
నిన్న ఒకటి ఉమ్మేశాను.

సెప్టెంబర్ 15
ఈ ఖోలీలన్నీ ఉన్న చాల్ పెద్దలు వచ్చి కూర్చున్నారు. "దవాఖానోళ్లకు శివం సంగతి ఏమెరుక? తల్లి మాట తల్లి మాటే." వాళ్లు పోయాక నర్సింగ్ నా పక్కన కూర్చున్నాడు. "అవ్వా, నీతోని ఆ మాట రోగమే అనిపిచ్చిందని ఒక్క మాట చెప్పు. పోయి తోల్కొస్త."
గుర్తు లేదురా అన్నాను.
అబద్ధం.

సెప్టెంబర్ 16
జ్ఞాపకాలు చాలా పోయాయి. దవాఖానలో మొదటి వారం లేదు. నా చెల్లెలి పేరు రెండు రోజులు దొరకలేదు. ఆ ఒక్క క్షణం మాత్రం ఉంది. డప్పు ఆగింది. ఒళ్లు ఆగింది. తల కడిగిన పళ్లెంలా తేటగా ఉంది. జన్మంతా కట్టడాల మీద సిమెంటు తట్టలు మోసినదాన్ని — నా ముందు గల్లీకి గల్లీ వంగి ఉంది. ఇప్పుడు ఏమన్నా చెల్లుతుంది అనుకున్నాను. అనుకునే అన్నాను.
అనసూయ కలం ఆపింది. "పెద్దవ్వా, అట్ల అనుకునుడు గూడ రోగమేనేమో."
"రోగానికి నా కోడలు ఎవరో ఎట్ల ఎరుకనే?" అన్నాను.
 నాకూ... ఏమో. రాయి, ఆగకు.

సెప్టెంబర్ 17
నర్సింగ్ నా జవాబు కోసం ఆగడట. రేపు వర్లికి పోయి, రోగమే అన్నదని తనే చెబుతాడట. సుగుణ చీరలు మడిచే మూల ఊడ్చాడు. పండుగకు ఊడ్చినట్టు ఊడ్చాడు.

సెప్టెంబర్ 18, సాయంత్రం
ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. తల దువ్వుకున్నాడు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు.
"ఆగురా" అన్నాను.
ఆగాడు. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. "ఏంది అవ్వా? పొద్దు పోతుంది."
అనసూయ కుడి చేత్తో ఈ ముక్క రాస్తూనే, ఎడమ చేత్తో వెనకటి పేజీ ఎత్తి, పదహారో తారీఖు మీద వేలు పెట్టింది. నా మొహంలోకి చూస్తోంది — వాడికి చదివి వినిపించాలా అని.