అరవై ఆరు మెట్లూ మహామేధా

ఆరోగ్య శాఖ కమిషనరు గారి సముఖమునకు,
పెద్దాసుపత్రి లిఫ్టు ఆపరేటరు వ్రాసుకొన్న ఏడవ అర్జీ.

అయ్యా,

విషయం: ఆసుపత్రి లిఫ్టుకు కొత్త ఇనుప తాళ్ళు వేయించుట గురించి, అది కుదరని పక్షమున, వారానికి మూడుసార్లు అరగంట చొప్పున నేను నా స్టూలు మీద నుంచి లేచుటకు అనుమతి గురించి.

సూచిక: ఇదే విషయమై నేను ఇదివరకు పెట్టుకొన్న ఆరు అర్జీలు. వాటిలో ఒక్కదానికే జవాబు వచ్చినది. ఆ జవాబు సంగతి అంశం 4లో విన్నవించెదను.

1. నేను ఈ ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళుగా లిఫ్టు నడుపుచున్నాను. నడుపుచున్నానని అలవాటు కొద్దీ వ్రాసితిని. పద్నాలుగు నెలలుగా లిఫ్టు కదలలేదు. తనిఖీకి వచ్చినాయన తాళ్ళలో పోగులు తెగుతున్నవని చూసి, మార్చేదాకా నడపరాదని కాగితం అంటించి పోయినారు. ఆయన చేసినది సబబే. అయితే ఆగినది లిఫ్టే కాని నా డ్యూటీ కాదు. పనివేళల్లో ఆపరేటరు లిఫ్టు విడిచి పోరాదని నిబంధన ఉన్నది. కావున ఉదయం ఎనిమిదికి వచ్చి, సంతకం పెట్టి, తలుపులు బార్లా తెరిచిన లిఫ్టులో కూర్చుని, నాలుగింటికి లేచి పోవుచున్నాను. పుస్తకంలో రోజూ "ఎక్కినవారు లేరు, దిగినవారు లేరు" అని వ్రాయుచున్నాను. ఊడ్చే ఆవిడ తన బకెట్లూ చీపుళ్ళూ నా పక్కనే పెట్టుకుంటుంది. "నీకేమన్నా, కూర్చున్న చోటికే జీతం" అంటుంది. ఒక్కరోజు కూర్చుని చూస్తే తెలుస్తుంది.

2. తాళ్ళకు మంజూరైన సొమ్మును మహామేధ పథకానికి మళ్ళించినట్లు తెలియవచ్చినది. సదరు మహామేధ అనునది సర్వం తెలిసిన యంత్రం కాబోవుచున్నదనియు, మనిషి బుర్రకు అందనివన్నీ అదే కనిపెట్టుననియు, దానికి ఎంత పోసినా తక్కువేననియు, మూడు నెలల కిందట నాల్గవ అంతస్తులో దాని గది ప్రారంభించిన నాడు ఉపన్యాసాలలో విన్నాను. దాని పెట్టెలు మెట్ల మలుపులో పట్టలేదు. అందుకని క్రేను తెప్పించి, గోడ పగలగొట్టి, పైకెత్తి, మళ్ళీ గోడ కట్టించినారు. నాలుగు రోజులు ఆ క్రేను నా ఎదురుగానే నిలబడి ఉన్నది. క్రేను ఎలా దొరికిందని నేను అడగను, అది నా పరిధిలోనిది కాదు.

3. నా భార్యకు మూత్రపిండాలు రెండూ పాడైనవి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించవలెను. ఆ వార్డు మూడవ అంతస్తులో ఉన్నది. అరవై ఆరు మెట్లు. ఆవిడ పదింటికి వస్తుంది, నా ముందు ఒక్క క్షణం నిలబడి "వెళ్ళొస్తానండీ" అని మెట్ల వైపు తిరుగుతుంది. నేను స్టూలు మీద కూర్చుని ఆవిడ చెప్పుల చప్పుడు వింటాను. మొదటి అంతస్తు దాకా వినిపిస్తుంది. ఆ తర్వాత ఎక్కడ కూర్చుండిపోయిందో, ఎంతసేపు కూర్చుందో నాకు తెలియదు.

పోయిన నెల ఒకనాడు పదో మెట్టు దగ్గరే ఆ చప్పుడు ఆగిపోయినది. నేను లేచి, ఆవిణ్ణి వీపు మీద వేసుకుని పైకి చేర్చితిని. విధి స్థలం విడిచినందుకు సంజాయిషీ కోరుచు మెమో ఇచ్చినారు. నా సంజాయిషీ ఏమనగా: లిఫ్టు కదలలేదు, ఆవిడ కదలలేకపోయింది, కాబట్టి నేను కదిలాను.

4. తాళ్ళ కోసం ఇంజనీరు గారి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. ఆయన చెడ్డవారు కారు. కుర్చీ చూపించి మరీ చెప్పినారు.

"చూడవయ్యా, ఆ యంత్రం పూర్తయిందంటే రోగాలే ఉండవు. రోగాలు లేకపోతే ఆసుపత్రి ఎందుకు? ఆసుపత్రి లేకపోతే లిఫ్టెందుకు? రేపు పారేసేదానికి ఇవాళ తాళ్ళు కొంటామా?"

"ఎప్పటికి పూర్తవుతుందండీ?"

"ఎంత, రెండేళ్ళు."

నిరుడు అడిగినప్పుడూ రెండేళ్ళే అన్నారు.

ఇక జవాబు సంగతి. ఇప్పుడు అర్జీలన్నీ మహామేధే చదువుతున్నదట, అలవాటు పడడానికి. నా ఆరవ అర్జీకి అది ఇలా వ్రాసినది: "మీ ఇబ్బందికి విచారిస్తున్నాము. తాళ్ళు వెంటనే మార్పించాలి. ఆలస్యం చేస్తే నడవలేని రోగుల ప్రాణానికే ముప్పు." నాకు కళ్ళు చెమర్చినవి. పద్నాలుగు నెలల్లో నా మాట విన్నది అదొక్కటే. ఆ కాగితం పట్టుకుని ఇంజనీరు గారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇదింకా నేర్చుకునే దశలో ఉందయ్యా. దీని మాట పట్టుకుని మేం పనులు చేయకూడదు" అన్నారు.

"మరి దాని మాట ఎప్పుడు వింటారండీ?"

"పూర్తయ్యాక."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయ్యా, నేను పెద్దగా చదువుకోలేదు. తప్పయితే మన్నించండి. సర్వం తెలిసినదాని కోసం కొండంత సొమ్ము కుమ్మరిస్తున్నారు. అది నోరు తెరిచి నాకు చెప్పిన మొదటి మాట తాళ్ళు మార్చమని. ఆ మాట తనిఖీ ఆయన చెప్పారు, నేను ఆరుసార్లు చెప్పాను, ఊడ్చే ఆవిడను అడిగినా చెబుతుంది. ఈ లిఫ్టు ఎవరికీ తెలియక ఆగిపోలేదు. ఇంతకంటే తెలివైనది వచ్చి మాత్రం కొత్తగా ఏం చెబుతుంది?

5. పోయిన బుధవారం ఇంట్లో బట్టలు మడతపెడుతూ ఆవిడ అన్నది: "ఇంక నేను రానండీ. అక్కడ నాలుగు గంటలు పడుకోబెట్టి ఇచ్చిన ఓపికంతా దిగేసరికే అయిపోతోంది." నేను కసిరాను. "మీ మహామేధ వచ్చాక పిలవండి, వస్తాను" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గురువారం రాలేదు, శనివారం రాలేదు. సోమవారం కూడా మానేస్తే ఇక తన చేతుల్లో ఉండదని డాక్టరమ్మ చెప్పినారు. ఈ అర్జీ ఆదివారం పగలు వ్రాయుచున్నాను.

6. కావున, తాళ్ళు వేయించవలెను. వేయించలేనిచో మెమో రద్దు చేసి, నేను స్టూలు దిగి ఆవిణ్ణి మోసుకుపోవుటకు అనుమతి దయచేయించవలెను. నాకు యాభై ఎనిమిదేళ్ళు, నడుము ఇంకా గట్టిగానే ఉన్నది. మహామేధను ఆపమని నేను అనను. దేవుడంతటిది వస్తానంటే రానివ్వండి. అది వచ్చేదాకా మేము బతికి ఉండాలి కదా అని మాత్రమే నా మనవి.

దీనిని తమరే స్వయముగా చిత్తగించవలెననియు, యంత్రం చేత చిత్తగింపజేయరాదనియు కోరుచు,

తమ విధేయుడు,
(అనుమతి లేనిదే లేవరాని)
లిఫ్టు ఆపరేటరు

తా.క.: ఇది రాయొద్దని నా భార్య చెప్పింది. "పెద్దాయన, బాగుండదు" అంది. అయినా రాస్తున్నాను.

నాలుగో అంతస్తులో ఆ గది తెరిచిన రోజు తమరికి మోకాలు నొప్పి. లిఫ్టు లేదు. తమరిని కుర్చీలో కూర్చోబెట్టి ఎనభై ఎనిమిది మెట్లు మోసినవాళ్ళం ఇద్దరం. వెనక స్ట్రెచరు తోసే ఆయన, ముందు నేను. తమరికి నా వీపే కనిపించింది కాబట్టి గుర్తుండకపోవచ్చు. రెండో అంతస్తు మలుపులో ఒకావిడ గోడకు ఒదిగి మనకు దారి ఇచ్చింది. తమరు కుర్చీ ఆపించి, "ఏమ్మా, ఆయాసమా? ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టు, నీ జబ్బే ఉండదు" అన్నారు. "రెండేళ్ళ సంగతి తర్వాతండీ, ఇంకా ఇరవై రెండు మెట్లున్నాయి" అంది ఆవిడ. అందరూ నవ్వారు. తమరూ నవ్వారు. ఆవిడే నా భార్య. మనం పైకి వెళ్ళాక కూడా ఆవిడ అక్కడే కూర్చుని ఉందట.

ఆ రోజు గంటన్నర స్టూలు విడిచి వెళ్ళాను. దానికి మెమో రాలేదు.

ఆ కుర్చీ ఇంకా లిఫ్టులో బకెట్ల పక్కనే ఉంది. కుర్చీ అయితే వస్తానని ఆవిడ ఒప్పుకుంది. నలభై రెండు కిలోలు, తమరిలో సగం కూడా లేదు. కాకపోతే వెనకవైపు పట్టే మనిషి లేడు, స్ట్రెచరు ఆయనకు మెమో అంటే భయం. తమరి మోకాలు కుదిరిందని విన్నాను. సోమవారం పదింటికి మేమిద్దరం మెట్ల దగ్గర ఉంటాం.