అమ్మ ఇంకొకటి వెయ్యమన్న థాలీపీఠ్

వాయి,
ఆషాఢ ఏకాదశి.

సౌ. కుముదినికి, ఇక్కడ నేనూ అమ్మా క్షేమము.

ఏకాదశినాడు నీ చేతి థాలీపీఠ్ రొట్టె తప్ప అమ్మ మరేమీ ముట్టదని, బాలింత అయిన అమ్మాయిని విడిచి వచ్చేస్తానని రాశావు. రానవసరం లేదు. ఈ ఉదయం నేనే చేశాను.

నానిన సగ్గుబియ్యం, ఉడికిన బంగాళాదుంప, వేరుసెనగ పొడి, రాజగిరా తోటకూర గింజల పిండి కలిపి, అలవాటుకొద్దీ పసుపు డబ్బా తీశాను. మూత చప్పుడు విని అమ్మ ఊయల బల్ల మీదినుంచే, "ఉపవాసానికి పసుపేమిట్రా, మాస్టారూ? చదివిందంతా కృష్ణలో కలిపేశావా?" అన్నది. పసుపు పడలేదు. ముద్ద విరిగిపోతూంటే, ఇంకొక దుంప మెదిపి కలిపి దారికి తెచ్చాను. తడిగుడ్డ మీద తట్టి, నడుమ చిల్లు పెట్టి, అందులో నెయ్యి వేసి కాల్చాను. నల్లబల్ల మీద నేను గీసిన వృత్తాలకు అది ఏమాత్రమూ తీసిపోదు.

అమ్మ పెరుగుతో నంజుకుని, చాలాసేపు నమిలి, "కోడలు చేసినట్టు లేదు" అన్నది. నేను నీరుగారిపోయాను. అంతలో పళ్లెం ముందుకు జరిపి, "ఇంకోటి వెయ్యి" అన్నది.

సైంధవ లవణం నిండుకున్నది. ఏ దుకాణంలో కొంటావు? జీలకర్ర ఎక్కడ దాచావు? మనవడు పాలు సరిగా తాగుతున్నాడా? తల్లీబిడ్డలకు నా ఆశీస్సులు.

అమ్మ పక్కనే కూర్చుని చెప్పిన మాటను ఉన్నదున్నట్లు రాస్తున్నాను: "కోడలా, నువ్వు అక్కడే ఉండు. వచ్చే ఏకాదశికీ వీడున్నాడు."

నీ
గజానన్