బొటనవేలితో చూసిన నాడి

సరోజా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీలాగే నర్సు కావాలని నర్సింగ్‌లో చేరిన మన రమ్యకు కాలేజీవాళ్లు కొన్ని పాఠాలు ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. వాటికోసం బూర్గంపాడు నెట్ సెంటర్‌కు వెళుతుంది. నిజంగా చూస్తోందా అని అనుమానమొచ్చి ఇవాళ వెనకాలే వెళ్లాను. పాఠం దాని పాటికది నడుస్తోంది. మన పిల్ల కిటికీలోంచి బస్సులు చూస్తోంది.

"చూడకున్నా చూసినట్టే హాజరు పడతది నాన్నా. పరీక్షల పాసైన గద!"

రేపటి నుంచి తనకు భద్రాచలం ఆసుపత్రిలో వార్డు డ్యూటీ. ఇంటికొచ్చాక చెయ్యి చాపి నాడి చూడమన్నాను. బొటనవేలు పెట్టి "డెబ్బై" అంది.

"అది నీ నాడే బిడ్డా. బొటనవేలు కూడా కొట్టుకుంటదని మీ అమ్మ ట్రైనింగ్ పిల్లలను ఎన్నిసార్లు తిట్టిందో!"

ముఖం చిన్నబుచ్చుకుంది. "అమ్మ ఉంటే నేర్పేది. ఒక్కదాన్నే కంప్యూటర్ ముందట కూసుంటే ఏం చూడబుద్ధయితది?"

ఆ వేలు తీసి, మూడు వేళ్లు పెట్టించాను. నిమిషం నిండా లెక్కపెట్టింది.

"తొంభై ఆరు. గింత జల్దీ కొట్టుకుంటుందేంది నాన్నా?"

ఎండలో నడిచొచ్చాను కదా అన్నాను. నమ్మలేదు. చెయ్యి వదలకుండా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.