తొమ్మిదో వరుస

బావగారికి,

ఇక్కడ నా బుర్ర తప్ప అన్నీ క్షేమం. ఆన్‌లైన్‌లో పిల్లల్ని బెదిరించే వెధవల మీద కొత్త చట్టం వచ్చిందనీ, ఫిర్యాదు ఫారం తయారుచేసింది మీరేననీ అక్కయ్య మురిసిపోతూ చెప్పింది. నేనూ మురిసిపోయాను, నిన్నటిదాకా.

నిన్న పక్క వీధి టైలరమ్మ ఆ ఫారం పట్టుకొని, కూతురితో మా జిరాక్సు షాపుకు వచ్చింది. పిల్లకు పద్నాలుగేళ్ళు. ఎవడో ఫోన్లో స్నేహం నటించి, ఎవరికీ చూపించలేని పిల్ల ఫోటో ఒకటి సంపాదించాడట. ఇంకా ఫోటోలు పంపకపోతే దాన్ని అందరికీ చూపిస్తానంటున్నాడట. పిల్ల ధైర్యం చేసి అమ్మకు చెప్పింది.

మీ ఫారంలో తొమ్మిదో వరుస మీరు చదివారా అసలు? "సదరు ఫోటో మూడు ప్రతులు జతపరచవలెను." కరెంటు బిల్లనుకున్నారా బావగారూ?

నేను మిషన్ ఆపేశాను. "జత చెయ్యకపోతే తీసుకోరటండీ" అని ఆవిడ బతిమాలింది. పిల్లే ఫారం మడిచి సంచిలో పెట్టేసి, వాళ్ళమ్మతో అంది:

"పదమ్మా. వాడు చూపిస్తానని బెదిరించాడు. వీళ్ళు మనల్నే చూపించమంటున్నారు."

నాకు జవాబు రాయక్కర్లేదు. ఆ వరుస కొట్టేసిన ఫారం తెచ్చి, మీ చేత్తో ఆ పిల్లకివ్వండి. తీసుకుంటుందో లేదో మాత్రం నేను చెప్పలేను.

మీ బావమరిది