నువ్వు లేవని కోర్టు ఒప్పుకుంది

మస్తాన్ మామా,

ప్రొద్దుటూరులో నీ బట్టలంగడి మీద పడిన జీఎస్టీ ఆర్డరును హైకోర్టు కొట్టేసింది. చనిపోయినవాడికి నోటీసులిచ్చి, జవాబు చెప్పలేదని పన్ను వేస్తే చెల్లదట. బతికున్నప్పుడు మాత్రం నువ్వు ఎవరికి తిన్నగా జవాబు చెప్పావు!

జప్తు తప్పింది, అంగడి నీ ఇల్లాలు, మా అక్క చేతిలోనే ఉంది. మిఠాయి పట్టుకుని వెళ్లి, "అక్కా, ఇంగ మామ పేరుతో ఒక్క నోటీసూ రాదు, నిమ్మళంగా ఉండు" అన్నాను.

అక్క మిఠాయి ముట్టలేదు. "పోస్టుమ్యాను వచ్చి ఆయన పేరు పిలుస్తాంటే, మనిషి ఈడనే ఉండాడనిపిస్తాండె అప్పా" అంది.

ఈ పొద్దున మీ వాకిట్లో నిలబడి, పోస్టుమ్యాను గొంతు పెట్టి అరిచాను: "షేక్ మస్తాన్! రిజిస్టర్ పోస్టు!"

నా దొంగగొంతు అక్కకు తెలియనిదా? అయినా లోపల్నుంచే పలికింది: "ఆయన అంగడికి పోయినాడప్పా. మాపటికి వస్తాడు."