మిరియం వేయని కషాయం

శనివారం రాత్రి

ఈ ఇంట్లో పెన్ను మూతలు ఎవరు తింటున్నారో గానీ ఒక్కటీ మిగలడం లేదు.

మా ఆవిడ రూతమ్మకి పొడిదగ్గు పట్టుకుని వారం దాటింది. రేపు చర్చిలో పాట ఎత్తుకోవాల్సింది తనే. కషాయం కాచిస్తానంటే, "మీ చేత్తో కాచింది నేను తాగను బాబూ! పోయినసారి గుప్పెడు మిరియాలు పోసి ఏడిపించారు" అంది. నిజమే, పోశాను.

సాయంత్రం తను మేడ మీద బట్టలు తీస్తుంటే అల్లం దంచి, తులసాకులు, అతిమధురం ముక్క వేసి సన్నసెగ మీద మరిగించాను. చల్లారాక తేనె కలిపాను. మిరియం ఒక్కటి కూడా వేయలేదు.

గ్లాసుడు తాగేసి, "చూశారా, పాస్టరమ్మ గారు కాస్తే ఎంత హాయిగా ఉందో! నేర్చుకోండి" అంది. ఇప్పుడు దగ్గకుండా నిద్రపోతోంది. మళ్ళీ మొదలైతే సోమవారం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాల్సిందే. నన్ను తిట్టే గొంతు అదొక్కటే, అది పోతే నాకేం తోస్తుంది?

రేపు పాటయ్యాక అందరి ముందూ పాస్టరమ్మ గారికి థ్యాంక్స్ చెబుతుందట. నేను చేసిందల్లా, మొన్న ప్రార్థనకొచ్చి ఆవిడ మర్చిపోయిన ఫ్లాస్కులో నా కషాయం పోసి, ఆవిడే పంపారని చెప్పడం. ఆ పాస్టరమ్మ గారేమో చచ్చినా అబద్ధమాడరు.