పేజీ నంబరు లేని జవాబు

శుక్రవారం,
సాయంత్రం.

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు, ఇప్పుడేమిటి ఇంత చాంతాడంత ఉత్తరం అని విసుక్కోకు. కబుర్లు చాలా ఉన్నాయి, నాకేమో పొట్టిగా చెప్పడం చేతకాదు. బళ్ళో పిల్లలూ అదే అంటారు, ఈ టీచర్ హాజరు వేసేసరికే సగం పీరియడ్ అయిపోతుందని.

ముందు పిల్ల సంగతి. ఏడో తరగతిలోకి వచ్చాక బాగా పొడుగైంది. లెక్కల్లో దిట్ట, జడ వేసుకోవడంలో సున్నా. నేను పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చినప్పుడు అందరూ నాకు చెప్పింది ఒక్కటే, తల్లి లేని పిల్ల, జాగ్రత్తగా చూసుకో అని. నువ్వేమీ అనుకోకు, వాళ్ళన్న మాటే రాస్తున్నాను. చూసుకుందామనే వచ్చాను. చూసుకోనిస్తే కదా! పోట్లాడినా బాగుండేది, ఇద్దరం నాలుగు అరుపులు అరిచేసి సర్దుకునేవాళ్ళం. ఈవిడగారు పోట్లాడదు. మహా మర్యాద. భోజనాల దగ్గర ఉప్పు కావాలంటే వాళ్ళ నాన్నకు చెబుతుంది, ఆయన నాకు చెబుతారు. ఉప్పు డబ్బా నా మోచేతి పక్కనే ఉంటుంది.

పోయిన నెల వాళ్ళ నాన్నతో ఇంకో మాట కూడా చెప్పింది. పరీక్షలయ్యాక హాస్టల్ ఉన్న బడిలో చేరుతుందట. ఎందుకమ్మా అంటే ఊరికేనే అందట. ఈ మాట నాకు చెబుతున్నంతసేపూ ఆయన నా మొహం చూడలేదు, చెప్పులు వెతుక్కుంటున్నారు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. ఊరికే ఎవరైనా ఇల్లు వదిలి పోతారా అక్కా? నా మూలానే. పుట్టి పెరిగిన ఇంట్లో ఆ పిల్లని చుట్టాన్ని చేసి కూర్చోబెట్టాను కదా అని ఆ రోజు నుంచి నాకు తిండి సయించడం లేదు.

ఇక నా పుస్తకాల క్లబ్బు సంగతి. నవ్వకు. ఏడో తరగతికి శుక్రవారం ఆఖరి పీరియడ్, లైబ్రరీ గదిలో. పిల్లదీ అదే తరగతి కాబట్టి ఇంట్లో భరించింది చాలక అక్కడ కూడా నన్ను భరించాలి, పాపం. మొదట్లో నా తెలివి చూడు, చదివిన అధ్యాయం మీద ప్రశ్నలు అచ్చు వేయించి పంచాను. రేడియో వెంటనే లేచి ఎన్ని మార్కులకు టీచర్ అంది. రేడియో అంటే ఒక్క క్షణం నోరు మూతపడని ఒక పిల్ల, ఆ పేరు పెట్టింది తరగతే. వెనక నుంచి లాయరు అందుకున్నాడు, ఛాయిస్ ఉంటుందా, అన్నీ రాయాలా అని. వాడు పెద్దయ్యాక ఏమవుతాడో మాకందరికీ ఇప్పుడే తెలుసు.

ఆ కాగితాలు వెనక్కి లాక్కుని, బల్లలు గోడకి జరిపించి, అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టాను. మార్కులు లేవన్నాను. పుస్తకం నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు, నిద్రొస్తే నిద్రపోవచ్చు, గురక మాత్రం పెట్టకూడదు. ఒక్కటే రూలు. ఏ మాట అన్నా అది పుస్తకంలో ఎక్కడుందో పేజీ చూపించాలి. లేకపోతే పుస్తకం పక్కన పడేసి సినిమాల్లోకి వెళ్ళిపోతారు. ఆ రూలు లాయరుకి తెగ నచ్చింది. ఎవరు నోరు తెరిచినా ఏ పేజీ, ఏ పేజీ అని వెంటపడతాడు. నిన్న మా డ్రిల్లు మాస్టారు వాన పడేలా ఉంది అంటే ఆయన్ని కూడా ఏ పేజీ అని అడిగాడట.

చదవాల్సిన పుస్తకం పిల్లలే ఎంచుకోవాలని మూడు పుస్తకాలు ముందు పెట్టి ఓట్లు వేయించాను. అందులో రెండు నేను చదివినవి. మూడోది వెనక అట్ట మీద నాలుగు ముక్కలు చూసి పెట్టాను. గెలిచింది అదే! ఇంటికి తీసుకొచ్చి చదివితే ఏముంది? ఏరు దాటించే పడవవాడు, అతనికో కూతురు, ఆ ఇంటికి పెళ్ళి చేసుకుని కొత్తగా వచ్చిన ఒకావిడ. ఆవిడ పుట్టింటికి వెళ్తే, మళ్ళీ ఏరు దాటి రాకుండా కూతురు తెడ్లు దాచేస్తుంది. మార్చేద్దామా అంటే ఓట్లు పెట్టిందీ నేనే, ఏం మొహం పెట్టుకుని మార్చను?

అలా వారం వారం చదువుకుంటూ వచ్చాం. తెడ్లు దాచినచోట తరగతంతా చప్పట్లు కొట్టింది. ఆ కొత్తావిడని దుమ్మెత్తిపోశారు. దొంగ ప్రేమ అన్నారు, మెత్తగా మాట్లాడేవాళ్ళనే నమ్మకూడదన్నారు. నేను పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. ఆవిడ తరఫున మాట్లాడితే నా తరఫున మాట్లాడుకున్నట్టుంటుందని భయం. పిల్ల తల దించుకుని పుస్తకం మూలలు మడుస్తూ కూర్చునేది.

ఇవాళ కుర్చీ ఆట. నడిమధ్య ఒక కుర్చీ వేస్తాం. చీటీలో ఎవరి పేరు వస్తే ఆ మనిషిలా ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడాలి. మిగతావాళ్ళు ప్రశ్నలతో ప్రాణం తీస్తారు. కొత్తావిడ చీటీ పట్టుకుని కుర్చీలోకి వచ్చింది ఎవరనుకున్నావు? మన పిల్లే.

లాయరు మొదలుపెట్టాడు. ఆ కూతురికి మీరు శాలువా కప్పింది ప్రేమతోనా, మీ ఆయన చూస్తున్నాడనా అని నిలదీశాడు. నాకు నటించడం బొత్తిగా రాదు, నటిస్తే దొరికిపోతాను అంది పిల్ల. ఎలా దొరికిపోతావు అంది రేడియో. ఆ పిల్లకి జ్వరం వస్తే కత్తెర కోసమని గదిలోకి వస్తాను, కత్తెర తీసుకోకుండానే వెళ్ళిపోతాను, కాసేపటికి మళ్ళీ కత్తెర కోసమే వస్తాను అంది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఉంటుంది కాబట్టి పడుకుందనుకుని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాను, నిజానికి అది మెలకువగానే ఉంటుంది అంది. వాళ్ళ నాన్న అప్పుడు పనిలో ఉంటాడు, ఇంక ఎవరికి చూపించుకోవడానికి అని లాయరునే ఎదురు అడిగింది.

అక్కా, పోయిన చలికాలం పిల్లకి జ్వరం వచ్చినప్పుడు నేను చేసిన నిర్వాకం అది. మా ఇంట్లో కత్తెర ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది. ఆ సంగతి పిల్లకీ తెలుసు.

తరగతంతా టపటపా పేజీలు తిప్పింది. ఎవరికీ కత్తెర దొరకలేదు. ఏ పేజీ అన్నాడు లాయరు. పేజీ లేదు, నాకు తెలుసు అంతే అంది పిల్ల. అయితే చెల్లదు టీచర్ అంటూ అందరూ నా వైపు తిరిగారు. నా రూలు నాకే అడ్డం తిరిగింది. బోర్డు వైపు తిరిగి సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు కాసేపు నిలబడి, ఈ ఒక్కదానికి పేజీ అక్కర్లేదన్నాను. ఇది పక్షపాతం అన్నాడు లాయరు. టీచర్ కూతురు కదా, అందుకే అంది రేడియో. మామూలుగా ఎవరైనా అలా అంటే పిల్ల గయ్యిమంటుంది. ఇవాళ చక్కగా కుర్చీ దిగి వెళ్ళి తన చోట్లో కూర్చుంది.

బెల్లు కొట్టాక రేడియో నా దగ్గరికొచ్చి గుట్టంతా విప్పింది. కొత్తావిడ చీటీ వచ్చింది అసలు తనకేనట. పిల్లే అడిగి మరీ మార్చుకుందట, బదులుగా కిటికీ పక్క సీటు ఇచ్చిందట.

హాస్టల్ మాట మాత్రం నేను ఎత్తలేదు. ఎత్తితే ఈ కాస్తా చెడుతుందేమోనని బెదురు. వెళ్తానంటే బట్టలు నేనే సర్దుతాను, గేటు దాకా నేనే దిగబెడతాను, ఏడవను. కానీ వెళ్ళొద్దని నా ప్రాణం కొట్టుకుంటోంది. ఆ పిల్లంటే నాకు చచ్చేంత ఇష్టం అక్కా. ఇంత సూటిగా ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, ఆయనతో కూడా.

మరి ఉంటాను.

ఇట్లు,
నీ చెల్లెలు.

తా.క.: ఈ ఉత్తరానికి చిరునామా లేదు. నువ్వు ముందు గదిలో ఫోటోలో ఉన్నావు, నేను నిన్ను చూసింది అక్కడే. పిల్ల రోజూ బడి నుంచి రాగానే, బ్యాగు కూడా దించకుండా నీ ముందు నిలబడి ఆ రోజు కబుర్లన్నీ నీకు చెబుతుంది. తల్లీకూతుళ్ళ మాటలు వినకూడదని నేను వంటింట్లో కుళాయి తిప్పుకుంటాను. ఇవాళ వంటింట్లోకి వచ్చి కుళాయి కట్టేసింది. కుర్చీ ఆట సంగతి అమ్మకి నువ్వు చెప్పు, నాకు నీలా చెప్పడం రాదు అంది. నీ ఎదురుగా నిలబడితే నాకు నోరు పెగల్లేదు. రాసిస్తాను, నువ్వు చదివి వినిపించు అన్నాను. అంటే పైనున్నదంతా తను చదువుతుంది. రెండు మూడు చోట్ల కొట్టేద్దామనుకున్నాను, కొట్టలేదు. కింద కాస్త చోటు వదలమంటోంది, ఏం రాస్తుందో నేను చూడకూడదట. కాగితం తనకి ఇచ్చేస్తున్నాను.

అమ్మా, నేను హాస్టల్‌కి వెళ్ళడం లేదు. పిన్నికి ఇంకా చెప్పలేదు. ఇది నీకు చదివేటప్పుడు నా పక్కనే నిలబడమంటాను, వింటుంది.